డోర్ మెల్లగా వెయ్యండి: క్యూబా పాత కార్లు, వాటిని చూడ్డానికెళ్ళే గ్రూపులు, ఈ రూల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయి

హవానాలో పాత అమెరికన్ కారు ఎక్కి దిగేటప్పుడు డ్రైవర్ నోట్లోంచి తప్పకుండా వచ్చే మాట ఒకటుంది, "సువావె", అంటే మెల్లగా అని. డోర్ గట్టిగా వెయ్యొద్దని బతిమాలుకోవడం అన్నమాట. ఆ డోర్ 1950లలో డెట్రాయిట్‌లో చేసింది, హింజ్ విరిగితే షాపుకెళ్ళి కొత్తది తెచ్చుకునే వీలు లేదు, మళ్ళీ వెల్డింగ్ షెడ్డుకే పోవాలి. చాలా బళ్ళల్లో అద్దం దించే హ్యాండిల్ ఒకటే ఉంటుంది, అది డ్రైవర్ దగ్గరుంటుంది, మనం అడిగితే వెనక్కి అందిస్తాడు, దించుకుని మళ్ళీ ఇచ్చెయ్యాలి. మా బాబాయి అంబాసిడర్‌లో కూడా అచ్చం ఇదే, ఆ హ్యాండిల్ కోసం వెనక సీట్లో మేం కొట్టుకునేవాళ్ళం, అందుకే క్యూబా కార్ల గురించి మొదటిసారి చదివినప్పుడు ఎక్కడో దూరదేశం సంగతిలా అనిపించలేదు నాకు.

ఇప్పుడు అమెరికాలో ఉండే పాత కార్ల పిచ్చోళ్ళు గ్రూపుగా క్యూబా వెళ్ళొస్తుంటారు, దానికి కల్చరల్ ఎక్స్‌ఛేంజ్ ట్రిప్ అని పేరు. మనవాళ్ళు చాలామందికి వచ్చే డౌట్ ఏంటంటే, కార్లు చూడ్డానికెళ్తే అది టూరే కదా, దానికి కల్చరల్ ఎక్స్‌ఛేంజ్ అని అంత పెద్ద పేరెందుకు, గ్రూపుగానే ఎందుకెళ్ళాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైం టేబుల్ ఎందుకు, కాసేపు బీచ్‌లో పడుకుంటే ఏమవుద్ది అని. దీనికి జవాబు కావాలంటే కార్ల కథ, రూల్స్ కథ రెండూ కలిపి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కార్లని అక్కడ ఆపేసింది ఏ చట్టమో ఈ గ్రూపు ట్రిప్పులని పుట్టించింది కూడా అదే చట్టం.

క్యూబాకి మొదటి కారు 1898లో వచ్చింది, అది ఫ్రెంచ్ బండి. ఆ తర్వాత మాత్రం అంతా అమెరికా సరుకే. ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి హవానాకి 100 మైళ్ళ చిల్లర దూరం అంతే, 1950లలో కార్లు ఎక్కించుకుని పోయే ఫెర్రీ కూడా నడిచేది. చక్కెర డబ్బులు బాగా తిరుగుతున్న రోజులు, షెవ్రొలే, బ్యూక్, పాంటియాక్, ప్లిమత్, డిసోటో, కాడిలాక్ ఇలా డెట్రాయిట్‌లో ఏ కొత్త మోడల్ వచ్చినా ఎంతో ఆలస్యం లేకుండా హవానా షోరూముల్లో దిగేది. జనరల్ మోటార్స్ బళ్ళకి అక్కడ ఆంబార్ మోటార్స్ అనే డీలర్, అమడియో బార్లెట్టా అనే ఇటలీ ఆయనది. అయితే ఊళ్ళల్లో చెరుకు కొట్టే కూలీలకి ఏడాదిలో సగం రోజులు పనే ఉండేది కాదు, ఇక్కడ హవానాలో మాత్రం తళతళలాడే క్రోమ్ బంపర్లు. ఆ కార్ల ఫొటోలు చూసి అబ్బ ఎంత అందమైన రోజులో అనుకునేవాళ్ళకి ఈ రెండో సగం కూడా చెప్పాలి అనిపిస్తుంది నాకు.

కార్ల పిచ్చి ఎంత ఉండేదంటే 1957లో సముద్రం ఒడ్డున మలెకోన్ రోడ్డు మీదే కార్ రేస్ పెట్టారు, క్యూబా గ్రాండ్ ప్రీ అని, అర్జెంటీనా ఆయన హువాన్ మాన్యువల్ ఫాంజియో మాజెరాటీలో గెలిచాడు. మరుసటి ఏడాది 1958 ఫిబ్రవరి 23న, రేస్‌కి ముందురోజు, లింకన్ హోటల్ లాబీలోంచి ఆయన్ని తిరుగుబాటు నాయకుడు ఫిడెల్ కాస్ట్రో మనుషులు తుపాకీ చూపించి ఎత్తుకుపోయారు. అప్పటి క్యూబా నియంత బతిస్తా ప్రభుత్వం పరువు తియ్యడమే వాళ్ళ ఉద్దేశం, ఆయన్ని ఏమీ చెయ్యలేదు, మర్యాదగానే చూసుకుని రేస్ అయ్యాక అర్జెంటీనా ఎంబసీకి అప్పజెప్పారు. ఆ రేస్‌లోనే ఒక ఫెరారీ జనంలోకి దూసుకుపోయి పలువురు చచ్చిపోయారు, రేస్ మధ్యలో ఆపేశారు, స్టిర్లింగ్ మాస్ గెలిచినట్టు ప్రకటించారు.

1959 జనవరి 1న బతిస్తా పారిపోయాడు, కాస్ట్రో విప్లవం గెలిచింది. ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి, క్యూబా అమెరికా కంపెనీల ఆస్తులు స్వాధీనం చేసుకోవడం, అమెరికా క్యూబా దగ్గర కొనే చక్కెర కోటా కోసెయ్యడం, 1960 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ తిండి, మందులు తప్ప మిగతా ఎగుమతులన్నీ ఆపెయ్యడం, 1961 జనవరిలో ఎంబసీ మూత, 1962 ఫిబ్రవరిలో కెనెడీ పూర్తి ఆంక్షలు, 1963 జూలైలో క్యూబా ఆస్తుల నియంత్రణ నిబంధనలు. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టికీ అమెరికా ట్రెజరీ శాఖ క్యూబా ప్రయాణాల మీద కర్ర పట్టుకుని నిలబడేది దీని ప్రకారమే. నిజానికి చూస్తే క్యూబా వెళ్ళడం నేరమని నేరుగా రాయలేదు, అక్కడ డబ్బు ఖర్చుపెట్టడానికి పర్మిషన్ కావాలని రాశారు, డబ్బు ఖర్చు పెట్టకుండా ఎవరెళ్తారు, ఫలితం ఒకటే.

అట్లా 1960 తర్వాత డెట్రాయిట్ బండి రాలేదు, స్పేర్ పార్టూ రాలేదు. రష్యా నుంచి లాడాలు, మాస్క్‌విచ్‌లు వచ్చాయి గానీ అవి డాక్టర్లకి, ఆఫీసర్లకి, బాగా పనిచేసినవాళ్ళకి ప్రభుత్వం కేటాయించేవి, అమ్ముకోడానికి వీల్లేదు. స్వేచ్ఛగా కొనుక్కుని అమ్ముకోగలిగింది విప్లవానికి ముందు దేశంలో ఉన్న బండి మాత్రమే, ఈ రూల్ 2011 దాకా ఉంది. అందుకే తాత కొన్న షెవ్రొలే ఇంటికి పొలం లాంటిది అయిపోయింది, మనవడి దాకా దాన్ని తుక్కుకి వెయ్యకపోవడానికి సెంటిమెంట్ కంటే పెద్ద కారణం ఇది. కొత్త కార్లు ఎవరైనా కొనుక్కోవచ్చు అని 2014 జనవరిలో ప్రభుత్వ షోరూములు తెరిస్తే ప్యూజో 508 రేటు 2 లక్షల 60 వేల డాలర్లు దాటింది, నెల జీతం 20 డాలర్ల దగ్గరున్న దేశంలో! జనం వచ్చి రేట్లు చూసుకుని వెళ్ళిపోయారు.

అసలు కష్టం 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక వచ్చింది. ఆయిల్ ఆగిపోయింది, కరెంట్ లేదు, బస్సుల్లేవు, చైనా నుంచి లక్షల సైకిళ్ళు తెప్పించారు. మన దేశం నుంచి కూడా 1992లో 10 వేల టన్నుల గోధుమలు, 10 వేల టన్నుల బియ్యం ఓడలో వెళ్ళాయి, కమ్యూనిస్టు నాయకుడు హరికిషన్ సింగ్ సుర్జీత్ దానికోసం బాగా తిరిగారు. 1993లో చిన్నచిన్న సొంత వ్యాపారాలకి ప్రభుత్వం ఒప్పుకుంది, దాంతో షెడ్లల్లో ఉన్న పాత బళ్ళు టాక్సీలుగా రోడ్డెక్కాయి. వీటిని అక్కడ అల్మెంద్రోన్ అంటారు, పెద్ద బాదం గింజ అని అర్థం, షేపు చూసి పెట్టిన పేరు. నడిపేవాణ్ణి బోతేరో అంటారు. ఒకే రూట్లో అటూ ఇటూ తిరుగుతూ దారిలో చెయ్యెత్తినవాళ్ళని ఎక్కించుకుంటుంది, అచ్చు మన షేర్ ఆటో, ఎటు పోవాలో జనం చేతి సైగలతో చెప్తారు, ఆ సైగలు తెలియకపోతే బండి ఆగదు.

ఇక బానెట్ ఎత్తితే ఏముంటుంది అనేది ఈ గ్రూపులకి అన్నిటికంటే ఇష్టమైన విషయం. బయట 1955 షెవ్రొలే, లోపల టొయోటా డీజిలో, హ్యుందాయ్ డీజిలో, లేకపోతే రష్యా వోల్గా కారు ఇంజనో. డీజిల్ ఇంజన్ తక్కువ తాగుతుంది, టాక్సీ నడవాలంటే ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ని పోషించడం కుదరదు. ఇంజన్ మారిస్తే గేర్‌బాక్స్ కలవదు, దానికి మధ్యలో ప్లేట్ లేత్ మీద తిప్పించాలి, ఇంజన్ కూర్చునే బ్రాకెట్లు వేరే వెయ్యాలి, డ్రైవ్ షాఫ్ట్ కోసి పొడుగో పొట్టో చెయ్యాలి, బ్రేకులు లాడావి బిగించాలి. అమెరికాలో పాత కార్ల పోటీల్లో జడ్జీలు బోల్టు కూడా ఒరిజినల్ కాదా అని చూస్తారు, అట్లాంటి అలవాటున్నవాళ్ళు కొందరు ఇక్కడికొచ్చి పెదవి విరుస్తుంటారు, ఇది అసలైన బండి కాదు అని. నాకు మాత్రం ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పార్ట్‌ని పాతది చూసి కొలతలు తీసుకుని సాయంత్రానికి తయారుచేసి ఇచ్చే మేస్త్రిని చూసినవాళ్ళెవరూ అట్లా అనరు, ఆ చేతిపని కూడా ఆ బండి చరిత్రే. మన అంబాసిడర్ కూడా దశాబ్దాలు దాదాపు ఒకే రూపంలో 2014 దాకా వచ్చింది, కాకపోతే దాని స్పేర్లు మన దేశంలోనే తయారయ్యేవి, వాళ్ళకి ఆ ఫ్యాక్టరీలు సముద్రానికి అవతల, చట్టానికి కూడా అవతల ఉన్నాయి. 60 వేల దాకా ఇట్లాంటి బళ్ళు ఉన్నాయని తరచూ చెప్తుంటారు. ఒకటి కొనుక్కుని అమెరికా తెచ్చేసుకుందాం అంటే కుదరదు, ఆంక్షలు ఇటు ఒప్పుకోవు, వారసత్వ సంపద అని వాళ్ళు అటు పోనివ్వరు.

ఇక ప్రయాణం రూల్స్. 1977లో కార్టర్ ప్రయాణ నిషేధం ఎత్తేశాడు, 1982లో రీగన్ మళ్ళీ పెట్టాడు. 1996 ఫిబ్రవరిలో మయామీలో ఉండే క్యూబా ప్రవాసుల రెండు చిన్న విమానాలని క్యూబా కూల్చేసింది, నలుగురు పోయారు, వెంటనే హెల్మ్స్-బర్టన్ చట్టం వచ్చి ఆంక్షలు ఏ అధ్యక్షుడూ ఒక్కడే ఎత్తెయ్యడానికి వీల్లేకుండా బిగించేసింది. ఆంక్షలు ఎత్తలేరు కాబట్టి సందులు వెతకడం మొదలైంది, ప్రభుత్వాలు మాట్లాడుకోకపోయినా జనం జనంతో మాట్లాడుకుంటారు కదా అని 1999లో క్లింటన్ హయాంలో పీపుల్ టు పీపుల్ ప్రయాణాలు అని ఒక దారి తెరిచారు. ఇప్పటి గ్రూపు ట్రిప్పులకి మూలం అదే. కానీ 2000లో కాంగ్రెస్ ఇంకో చట్టంలో ఉత్త టూరిజం నిషిద్ధం అని రాసేసింది, అది రెగ్యులేషన్ కాదు, చట్టం. బీచ్‌లో పడుకునే రోజు ప్రోగ్రాంలో ఉండకపోవడానికి కారణం ఇది.

2003లో బుష్ ఆ దారి మూసేశాడు, 2011 జనవరిలో ఒబామా మళ్ళీ తెరిచాడు. అప్పుడు ఒక్కో సంస్థ ట్రెజరీ దగ్గర విడిగా లైసెన్స్ తెచ్చుకోవాలి. ఫ్లోరిడా సెనేటర్ మార్కో రూబియో, ఇప్పటి విదేశాంగ మంత్రి, సాల్సా డాన్సులు నేర్చుకోవడం కూడా ఎక్స్‌ఛేంజేనా అని సెనేట్‌లో గట్టిగా నిలదీశాక 2012లో రూల్స్ బిగించారు, కొన్ని సంస్థల రెన్యువల్స్ నెలల తరబడి ఆగిపోయాయి. కార్ల ట్రిప్పు పెట్టేవాళ్ళు ప్రతి గంటా ఎవరితో కలుస్తున్నాం, ఏం మాట్లాడతాం అని కాగితం మీద పెట్టుకోవడం అప్పట్నుంచే అలవాటైంది.

2014 డిసెంబర్ 17న ఒబామా, ఫిడెల్ తమ్ముడూ అప్పటి క్యూబా అధ్యక్షుడూ అయిన రౌల్ కాస్ట్రో ఒకేసారి టీవీల్లోకి వచ్చి సంబంధాలు మళ్ళీ మొదలెడతాం అన్నారు. 2015 జనవరిలో 12 రకాల ప్రయాణాలకి జనరల్ లైసెన్స్ ఇచ్చారు, అంటే విడిగా అప్లై చెయ్యక్కర్లేదు, రూల్ పాటిస్తే చాలు. జూలైలో ఎంబసీలు తెరిచారు, 2016 మార్చిలో ఒబామా హవానా వెళ్ళాడు, అదే నెలలో ఒంటరిగా కూడా పీపుల్ టు పీపుల్ కింద వెళ్ళొచ్చు అన్నారు, మేలో క్రూజ్ షిప్ వచ్చింది, ఆగస్టు 31న మామూలు విమాన సర్వీసు మొదలైంది. హవానా సెంట్రల్ పార్క్ దగ్గర గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల కన్వర్టిబుల్స్ వరస కట్టి నిలబడిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. టూరిస్టుల్ని గంట తిప్పితే మామూలు ఉద్యోగి నెల జీతం దాకా వచ్చేది, ఉన్న డబ్బంతా పెట్టి పైకప్పు కోయించి కన్వర్టిబుల్ చేయించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

అదంతా మూడేళ్ళు. 2017 జూన్‌లో ట్రంప్ మయామీలో సభ పెట్టి రూల్స్ వెనక్కి తిప్పుతున్నా అన్నాడు, నవంబర్‌కి ఒంటరి ప్రయాణం పోయింది, గ్రూపే మిగిలింది. మిలిటరీకి చెందిన హోటళ్ళ లిస్టు ఒకటి వేసి అక్కడ దిగొద్దన్నారు, గ్రూపులు కాసా పార్టిక్యులర్ అనే ఇళ్ళల్లో గదులకి మారడం దీనివల్ల బాగా పెరిగింది, నిజానికి అది మంచే చేసింది, పొద్దున కాఫీ తాగుతూ ఇంటాయనతో కబుర్లు హోటల్లో దొరకవు కదా. 2019 జూన్ 5న గ్రూపు పీపుల్ టు పీపుల్ కూడా కొట్టేశారు, క్రూజ్ షిప్పులూ ఆపేశారు. అప్పుచేసి బండి బాగుచేయించుకున్నవాడి పరిస్థితి ఏంటో ఒక్కసారి ఊహించండి, వెనకాలే కరోనా వచ్చింది.

2022 జూన్‌లో బైడెన్ గ్రూపుల వరకే మళ్ళీ తెరిచాడు, ఒంటరిగా కాదు. ఇప్పుడున్న రూల్ దాదాపు అదే: అమెరికా చట్టం కిందికొచ్చే సంస్థ ట్రిప్పు నడపాలి, ఆ సంస్థ మనిషి గ్రూపుతోపాటు ఉండాలి, రోజంతా క్యూబా జనంతో అర్థవంతంగా కలిసే ప్రోగ్రాం ఉండాలి. 2025 జూన్ 30న ట్రంప్ ఇచ్చిన మెమోరాండం ఆడిట్లు చేస్తాం, ఖర్చుల రికార్డులు కనీసం 5 ఏళ్ళు దాచాలి అని గట్టిగా చెప్పింది. అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఒక మాట, ఇది సిటిజన్లకే అనుకోవద్దు, గ్రీన్ కార్డువాళ్ళకీ వర్తిస్తుంది, హెచ్1బీ మీద అమెరికాలో ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది, చేతిలో ఇండియా పాస్‌పోర్టే కదా అంటే కుదరదు.

అందుకే ఈ ట్రిప్పుల్లో షెడ్డుకెళ్ళి మెకానిక్‌తో రెండు గంటలు కూర్చోవడం, బండి ఓనర్ల క్లబ్బువాళ్ళతో కలవడం, హవానా పాతబస్తీలో కార్ల మ్యూజియం, ఊరవతల అమెరికన్ రచయిత హెమింగ్వే ఇల్లు ఫింకా విహియా, ఆయన 1955 క్రైస్లర్ న్యూయార్కర్ కథ, ఇట్లాంటివన్నీ గంటల లెక్కన పేర్చి ఉంటాయి. చట్టం కోసం మొదలైన టైం టేబులే గానీ అందులో షెడ్డు గంటలే అసలు విలువైనవని నా నమ్మకం. ఒహాయోలో ఇంట్లో అదే మోడల్ షెవ్రొలే పెట్టుకుని క్యాటలాగ్‌లో ప్రతి పార్టూ ఆర్డర్ చేసుకునే పెద్దాయనా, ఒక్క పార్టూ లేకుండా దాన్ని రోజూ రోడ్డు మీద నడిపే మనిషీ ఒకే బానెట్ మీదికి వంగి మాట్లాడుకుంటారు, దుబాసీ మధ్యలో ఉంటాడు గానీ కార్బురేటర్ దగ్గరికొచ్చేసరికి వేలు చూపిస్తే చాలు.

ఇప్పుడు వాళ్ళ కష్టం స్పేర్ పార్టులొక్కటే కాదు. 2024 మార్చి 1న పెట్రోల్ లీటర్ 25 పెసోల నుంచి 132కి పెంచేశారు, ఆ అక్టోబర్‌లో గిటెరాస్ అనే కరెంటు ప్లాంటు ఆగిపోయి దేశం మొత్తం కరెంట్ పోయింది, కరెంట్ లేకపోతే లేత్ తిరగదు, వెల్డింగ్ అవ్వదు. గ్రూపు వచ్చే రోజున బండి రెడీగా ఉండాలంటే డ్రైవర్ పెట్రోల్ కోసం ముందే ఎదురుచూడాలి, ఒక్కోసారి రోజుల తరబడి.