అమెరికా యూనివర్సిటీ వాలీబాల్: అమ్మానాన్నల అపోహలు, అసలు లెక్కలు

అమెరికాలో ఒక యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో మహిళల వాలీబాల్ జట్టుకు చదువు సలహాదారుగా పనిచేస్తున్నాను. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలి, మ్యాచ్ రోజే పరీక్ష పడితే ఏం చేయాలి అన్నవి నేను చూసుకుంటాను. ఇక్కడి తెలుగు కుటుంబాల నుంచి ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: డివిజన్ 1లో (కాలేజీ ఆటల మూడు స్థాయిల్లో పైది, డివిజన్ 3 కిందిది) చోటు దొరికితే ఫీజంతా మాఫీ.

వాస్తవం: ఇది ఊరికే పుట్టిన మాట కాదు. 2024–25 వరకు డివిజన్ 1 మహిళల వాలీబాల్‌కు 12 స్కాలర్‌షిప్‌లే పరిమితి. ఒకమ్మాయికి కొంచెం ఇచ్చినా ఆ 12లో ఒకటి అయిపోయినట్టే లెక్క కాబట్టి, ఇచ్చేదేదో మొత్తం ఇచ్చేసేవారు. జట్టులో పదమూడో అమ్మాయికి అప్పుడు కూడా ఆట తరఫున పైసా రాదు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో కుదిరిన ఒప్పందం) ఆ లెక్క మారింది. అందులో చేరిన యూనివర్సిటీలకు ఇప్పుడు పరిమితి జట్టు సైజు మీదే: వాలీబాల్‌కు 18 మంది. అందరికీ పూర్తిగా ఇవ్వొచ్చు, సగమో పావో ఇవ్వొచ్చు, కొందరికి అసలు ఇవ్వకపోవచ్చు. కోచ్ "నీకు చోటుంది" అన్నంత మాత్రాన డబ్బు ఉందని కాదు. ఎంత, ఎన్నేళ్లు, గాయమైతే ఏమిటి అని మొహమాటపడకుండా అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో సంగతి. హార్వర్డ్, యేల్ లాంటి యూనివర్సిటీలుండే ఐవీ లీగ్‌లోనూ, డివిజన్ 3లోనూ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే సాయమే దిక్కు, డివిజన్ 3లో అయితే మార్కుల మీద కూడా రావచ్చు. డివిజన్ 3 అనగానే మనవాళ్లు పెదవి విరుస్తారు. ఎంఐటీ ఆడేది అందులోనే. 2019లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఆ డివిజన్ మహిళల టైటిల్ గెలిచింది జాన్స్ హాప్కిన్స్.

అపోహ: ఆటలో పడితే చదువు అటకెక్కుతుంది.

వాస్తవం: మార్కులు తగ్గితే ఆడనివ్వరు, కాబట్టి చదువును ఎవరూ వదిలేయరు. అసలు కొరత టైముకే. సీజన్‌లో ప్రాక్టీసూ మ్యాచ్‌లూ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదని నిబంధన. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా 3 గంటలుగానే లెక్కిస్తారు. ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం లెక్కలోకే రావు. 2024లో పశ్చిమ తీరం జట్లు బిగ్ టెన్ అనే లీగ్‌లో చేరాక సియాటిల్ అమ్మాయిలు న్యూజెర్సీ దాకా వెళ్లి ఆడాల్సి వస్తోంది. ప్రొఫెసర్ ఒప్పుకుంటే హోటల్ మీటింగ్ రూమ్‌లో నేనే ఎదురుగా కూర్చుని పరీక్ష రాయిస్తాను. ఫోన్లన్నీ నా బ్యాగులో, వాళ్ల మోకాళ్ల మీద ఐస్ ప్యాక్‌లు. ప్రీ-మెడ్ (మెడికల్ కాలేజీకి సిద్ధమయ్యే) అమ్మాయిలతో నాకుండే టెన్షన్ అంతా మధ్యాహ్నం ల్యాబుల గురించే, ఎందుకంటే మా ప్రాక్టీసూ అప్పుడే. సీజన్ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కాబట్టి బరువైన ల్యాబులను వసంతానికో, వేసవికో జరుపుతాం. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు కోచ్‌ను ఒక్కటి అడగండి: ఇప్పుడు జట్టులో ఇంజనీరింగ్, ప్రీ-మెడ్ చదివేవాళ్లు ఎంతమంది?

అపోహ: ఆడపిల్లల ఆట ఎవరు చూస్తారు?

వాస్తవం: 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా మహిళల జట్టు లింకన్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడితే 92,003 మంది వచ్చారు.

అపోహ: పొడుగు లేకపోతే దండగ.

వాస్తవం: నెట్ దగ్గర ఆడేవాళ్లకు పొడుగు కావాల్సిందే, అందులో దాపరికం లేదు. వెనక వరుసలో బంతిని కాచే, వేరే రంగు జెర్సీ వేసుకునే లిబెరోకు కావాల్సింది బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే చూపు. 2024 నుంచి కాలేజీ జట్లు ఒకే మ్యాచ్‌లో ఇద్దరు లిబెరోలను పెట్టుకోవచ్చు.

అపోహ: ఇప్పుడు కాలేజీ ఆటగాళ్లు సంపాదించుకోవచ్చు కదా, మా అమ్మాయీ బ్రాండ్లకు ఒప్పుకోవచ్చు.

వాస్తవం: సిటిజన్, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లయితే సరే. 2021 జూలై నుంచి పేరూ ఫొటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవడానికి ఆటల నిబంధనలు అడ్డు రావు, వచ్చే అడ్డంతా వీసాతోనే. హెచ్-4 (హెచ్-1బి మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు పనిచేయకూడదు. 21 నిండితే, అంటే కాలేజీ మధ్యలోనే, ఆ వీసా పోతుంది. చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1కి మారతారు. ఎఫ్-1 మీద బయటి పనికి అనుమతి దాదాపు ఉండదు. షూటింగ్‌కో, ప్రచార పోస్టుకో డబ్బు తీసుకుంటే అనుమతి లేని ఉద్యోగం కింద జమకట్టే ప్రమాదం ఉంది. స్కాలర్‌షిప్‌తో ఈ చిక్కు లేదు. "చిన్న ఇన్‌స్టాగ్రామ్ పోస్టే కదండీ" అంటారు. ఆ చిన్న పోస్టును కూడా సంతకానికి ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకూ, ఇమిగ్రేషన్ లాయరుకూ చూపించండి.