బోర్లించిన గ్లాసు, పులిచింతల ప్రకంపనలు

కృష్ణ ఒడ్డున ఉండే పాఠకులొకరు అడిగారు: "హిమాలయాల కింద ప్లేట్లు గుద్దుకుంటాయి, అక్కడ భూకంపాలొస్తాయి, సరే. మాది గట్టి దక్కను నేల. 2020 జనవరిలో మా ఇళ్లెందుకు ఊగాయి?" ఈ సందేహానికి సగం బాధ్యత బడిదే. ప్లేట్ల అంచులు గీయించి, మార్కులు వేసి, పాఠం అయిపోయిందంటాం. మిగతా దేశమంతా కదలని బండే అన్న భ్రమ అక్కడే మొదలవుతుంది.

ఆ జనవరి 26న, తెల్లవారుజామున రెండున్నర దాటాక, సూర్యాపేట జిల్లాలో, కృష్ణ మీది పులిచింతల జలాశయం దగ్గరున్న చింతలపాలెం ప్రాంతంలో 4.6 తీవ్రతతో భూమి కంపించింది. నదికి అవతల గుంటూరు వైపూ తెలిసింది. అంతకుముందు, ఆ తర్వాత కూడా చిన్నవి వస్తూనే ఉన్నాయి. ఒక పెద్దది వచ్చి, దాని వెనక చిన్నవి క్రమంగా తగ్గిపోతే అది మామూలు భూకంపం. చిన్నాచితకా ప్రకంపనలు గుంపులుగా వచ్చిపడుతూ, వాటిలో పెద్దది ఏదో మధ్యలో ఎక్కడో వస్తే దాన్ని భూకంపాల గుంపు అంటారు. ఆదిశేషుడు తల మార్చుకోవడం అనే వివరణ ఒక్క కుదుపుకైతే సరిపోతుందేమో గానీ, నెలల తరబడి రోజూ అన్నిసార్లు మార్చుకోవాలంటే ఆయనకూ కష్టమే.

ఇలాంటి చోట్ల నేను మొదట అనుమానించేది నీటిని. ఎందుకో వంటింట్లోనే చూడొచ్చు. వేడినీళ్లతో కడిగిన స్టీలు గ్లాసును తడి గ్రానైటు గట్టు మీద బోర్లించండి. ఎవరూ తాకకుండానే అది సింకు వైపు జారుతుంది. గట్టు వాలు మారలేదు, గ్లాసు బరువు తగ్గలేదు. లోపల చిక్కిన గాలి వేడెక్కి వ్యాకోచించి, గ్లాసును కాస్త పైకి నెట్టింది. అంచు చుట్టూ ఉన్న తడి ఆ గాలిని పోనివ్వలేదు. గట్టు మీద పడే భారంలో కొంత గాలి మోసింది. మిగిలిన భారానికి తగ్గట్టే ఘర్షణ కూడా తగ్గింది.

1959లో అమెరికన్ భూవిజ్ఞానులు కింగ్ హబ్బర్ట్, విలియం రూబీ ఇదే పని చల్లబరిచిన ఖాళీ బీరు డబ్బాతో చేశారు. తడి గాజుపలక మీద బోర్లించిన డబ్బా వేడెక్కుతున్నకొద్దీ, ఒక డిగ్రీ వాలుకే జారిపోయింది. కిలోమీటర్ల మందమున్న రాతి పలకలు అంత స్వల్ప వాలులో అంత దూరం ఎలా జరిగాయన్నది వాళ్ల ప్రశ్న. జవాబు: పగుళ్లలోని నీటి పీడనం. డబ్బా అంచు గాజు దాటి బయటికి రాగానే గాలి తప్పించుకునేది, డబ్బా టక్కున ఆగేది. ఆ ఆగడమే నాకు ఇంకా ఇష్టం. పీడనం కారిపోతే కదలిక కూడా ఆగిపోతుందన్నమాట.

ఇప్పుడు గ్లాసు స్థానంలో అయిదు కిలోమీటర్ల రాతిని పెట్టండి. ఆ లోతున రాతి బరువు వాతావరణ పీడనానికి దాదాపు 1300 రెట్లు. పగులులోని నీరు సుమారు 500 రెట్లు మోస్తుంది. పగులును బిగించి పట్టేది మిగిలిన 800. పైన 30 మీటర్ల లోతు నీళ్లు నిలిపితే చేరే అదనపు పీడనం మహా అయితే 3. 800 ముందు 3 ఏపాటిది అనిపిస్తుంది. కానీ పాత పగుళ్లు చాలావరకు తెగే హద్దులోనే బిగుసుకుని ఉంటాయి, కాబట్టి అందులో పదో వంతు కూడా ఒక్కోసారి సరిపోతుంది. బలం భూమిదే, నీరు గడియ తీస్తుందంతే.

1962 మార్చిలో డెన్వర్ దగ్గర అమెరికా సైన్యం రసాయన ఆయుధ కర్మాగారపు వ్యర్థ జలాలను 3.6 కిలోమీటర్ల లోతు బావిలోకి పంపడం మొదలుపెట్టింది. ఏప్రిల్‌లోనే ప్రకంపనలు వచ్చాయి. 1966 ఫిబ్రవరిలో ఆపేశారు. అన్నిటికన్నా పెద్దది వచ్చింది 1967 ఆగస్టులో! బావి మూసినా లోపలి పీడనం రాతి పగుళ్లలో ఇంకా ప్రయాణిస్తూనే ఉంది.

ఆ ప్రయాణానికి లెక్క ఉంది. దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. పీడనం రాతిలో ఎంత తేలిగ్గా పాకుతుందో చెప్పే కొలతను వ్యాపనం అంటారు. అది సెకనుకు ఒక చదరపు మీటరైతే నెలకు సుమారు అయిదున్నర కిలోమీటర్లు, నాలుగు నెలలకు దానికి రెట్టింపు మాత్రమే. 2019 ఆగస్టు వరదలకు పులిచింతల నిండింది. ఆగస్టు నుంచి జనవరికి దాదాపు 12 కిలోమీటర్లు. రాయి బిగుతుగా ఉండి వ్యాపనం పదో వంతే అయితే, అందులో మూడో వంతు. నిరూపణ కాదు గానీ, లెక్క కుదురుతోంది.

సిమెంటు క్వారీల పేలుళ్లేమోనన్న అనుమానమూ సహజమే, ఆ ప్రాంతం నిండా సున్నపురాయే కదా. కానీ ఆ తేడాను భూకంపాలు నమోదు చేసే యంత్రం, సీస్మోమీటరు, పసిగడుతుంది. పేలుడు నేలను అన్ని దిక్కులా బయటికే నెడుతుంది. పగులు జారితే కొన్ని నమోదు కేంద్రాల్లో తొలి కదలిక నెట్టుడు, కొన్నింట్లో లాగుడు.

నన్ను ఇబ్బంది పెట్టేది మహారాష్ట్రలోని పాల్ఘర్. 2018 నవంబర్ నుంచి డహాణూ, తలాసరి గ్రామాల్లో గుంపులుగా ప్రకంపనలు. గోడలు పగిలాయి, జనం గుడారాల్లో పడుకున్నారు. అదే రాష్ట్రంలో, జలాశయం వల్లే భూకంపాలొస్తాయని పేరుపడ్డ కొయ్నాలాగా ఇక్కడ ఒక్క జలాశయాన్ని వేలెత్తి చూపలేం. వానాకాలపు నీరే కారణమా, లోతు నుంచి పైకొచ్చే ద్రవాలా, చప్పుడు లేకుండా మెల్లగా జారే పగులా అన్న వాదనలు నడుస్తున్నాయి. ప్రకంపనల కేంద్రాలు వర్గమూలం లెక్కన పాకితే నీటి పని, రోజూ సమానంగా సాగితే మెల్లగా జారే పగులు పని. కేంద్రాల స్థానం కిలోమీటరు అటూఇటూ అయినా గ్రాఫులో ఈ రెండు గీతలూ కలిసిపోతాయి. అందుకే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు ఆ పల్లెల మధ్యే సీస్మోమీటర్లు పాతారు.