వంకర రెక్క పిట్ట

పిల్లలూ,

వీధి వీధంతా కలిసి గోడకు బొమ్మలెయ్యడం ఎందుకు, మంచి పెయింటర్‌ను పిలిస్తే రెండు రోజుల్లో అయిపోయేది కదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను, ఆ తెలివితోనే ఒక పని చెడగొట్టాను.

అప్పుడు మేమూ ఇలాగే ఒక గోడకు రంగులేస్తున్నాం. ఏడేళ్ల పాప ఒకతి పిట్టను గీసింది. ఒక రెక్క బుల్లిగా ఉంది, రెండోది పొట్ట కిందికి వేలాడుతోంది. మర్నాడు చూడ్డానికి పెద్దలొస్తారని నాకు ఒకటే టెన్షన్. రాత్రి లైటు పెట్టుకుని మరీ ఆ రెక్కను నేనే సరిచేశాను. పొద్దున్నే వచ్చిన పాప కాసేపు గోడకేసి చూసి, "నా పిట్టేది?" అంది. మళ్లీ కుంచె ముట్టలేదు. రోజూ బకెట్లతో నీళ్లు మోసిన వాళ్లమ్మ కూడా రావడం మానేసింది. గోడ బాగానే వచ్చింది. రెండు వానలకు రంగు లేచిపోతే, మళ్లీ వేద్దామన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

నాకంటే తెలివైనవాళ్లు ఈ పని వేరేలా చేశారు. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976 వేసవిలో ఒక వరద కాలువ కాంక్రీటు గోడ మీద కాలిఫోర్నియా చరిత్రను వేయించడం మొదలుపెట్టారు. ఆ మొదటి వేసవిలో 80 మంది కుర్రాళ్లు వచ్చారు. పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్లోంచి తెచ్చుకున్నారు వాళ్లను! ఏళ్ల తరబడి సాగిన ఆ బొమ్మ అర మైలు పొడవైంది, 400 మందికి పైగా పిల్లలు అందులో చెయ్యేశారు. ఎవరి కథకు ఎంత జాగా ఇవ్వాలో తేల్చుకోవాలంటే పక్కవాడి కథ వినక తప్పదు కదా. రంగు తర్వాత సంగతి, ఆ వినడంలోనే సగం పని అయిపోతుంది.

నాటకంలో ఇంకా మజా ఉంది. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవాల్ 1970లలో ఫోరమ్ థియేటర్ అనే పద్ధతి తెచ్చారు. ఒక ఇబ్బందిని చిన్న నాటికగా ఆడతారు, అది చెడుగా ముగుస్తుంది. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని లేచి, ఆ పాత్రలోకి తామే దూరి వేరేలా చేసి చూపించొచ్చు. పక్కింటి గోలకు నిద్రపట్టని ముసలాయన కథ అనుకోండి. ఒకరు అరిచి చూస్తారు, కుదరదు. ఇంకొకరు తలుపు తట్టి మంచిగా మాట్లాడి చూస్తారు. నిజంగా గోల చేసేవాళ్లు కూడా ఆ జనంలోనే కూచుని ఉంటారు!

అలాగని బొమ్మలేస్తే అద్దెలు తగ్గవు, గొడవలన్నీ తీరిపోవు. బయటి నుంచి వచ్చి, మూడు రోజుల్లో ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే బృందాల మీద నాకు నమ్మకం తక్కువ. ఏం వెయ్యాలో ముందే తేల్చుకుని వచ్చి, మనకు ఖాళీలు నింపే పని ఇస్తారు.

మీరు మాత్రం రంగు డబ్బాలు కొనకముందే ఇల్లిల్లూ తిరిగి, ఏం వేద్దామో అడగండి. పొరపాటున కూడా నాకు కుంచె ఇవ్వకండి. బకెట్లు కడిగి పెడతాను.

మీ తాతయ్య