"ఎవర్" అంటే "ఒకప్పుడు" కాదు: చైనా విద్యార్థుల అపోహలు, వాస్తవాలు

సింగపూర్‌లో చైనా నుంచి వచ్చిన విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. ఎక్కువమంది ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం వస్తారు. వాళ్ళకు వ్యాకరణ సూత్రాలు కంఠతా వచ్చు, పదాలు కొల్లలుగా తెలుసు. అయినా స్పీకింగ్ సాధన మొదలుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ వాక్యం అంటారు: "ఐ హావ్ ఎవర్ బీన్ టు షాంఘై." షాంఘై చూశానని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. ఇంగ్లీషులో ఆ వాక్యం నిలబడదు. ఇలాంటి విద్యార్థులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే తెలుగు మిత్రులు కూడా దీన్ని మాన్పించడం ఎలా అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఎవర్ అంటే త్సెంగ్‌జింగ్.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. త్సెంగ్‌జింగ్ అంటే చైనీస్‌లో "ఒకప్పుడు, గతంలో". జరిగిన సంగతిని జరిగిందని ఖాయంగా చెప్పే మాట అది. పదాల పట్టికల్లో ఎవర్ పక్కన ఈ ఒక్క అర్థమే వేసి వదిలేస్తారు. 2001 నాటి విధానం ప్రకారం చైనాలో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు మొదలవుతుంది. చిన్నప్పుడు బట్టీపట్టిన ఆ జంట పెద్దయ్యాక ఒక పట్టాన విడిపోదు.

ఎవర్ దేన్నీ ఖాయం చేయదు. "ఇంతవరకూ ఏ సమయంలోనైనా సరే" అని కాలమంతటినీ తెరిచి ఉంచుతుంది. అందుకే ప్రశ్నలో, నిషేధంలో, "అయితే" అనే షరతులో చక్కగా ఇముడుతుంది. మామూలు నిశ్చయ వాక్యంలో దానికి చోటు లేదు. తెలుగువాళ్ళకు ఇది అర్థం కావడం తేలిక. "మీరు ఎప్పుడైనా విశాఖ చూశారా?" అని అడిగితే "ఆ, ఎప్పుడైనా చూశాను" అని ఎవరూ అనరు. "చూశాను" అంటాం, లేదా "ఒకసారి చూశాను" అంటాం. ఎవర్‌కూ అదే పద్ధతి.

మరి చైనా విద్యార్థికి ఆ తప్పు ఎందుకు వినబడదు? ఎందుకంటే "వో త్సెంగ్‌జింగ్ ఛ్యూ గ్వో షాంఘై" చైనీస్‌లో నిక్షేపమైన వాక్యం. వో అంటే నేను, ఛ్యూ అంటే వెళ్ళడం. దాని వెనక చేరిన గ్వో ఆ అనుభవం ఉందని చెబుతుంది. ఇంగ్లీషులో గ్వో చేసే పనిని ప్రెజెంట్ పర్ఫెక్ట్ ("హావ్" చేరే క్రియారూపం) ఒక్కటే చేసేస్తుంది. "ఐ హావ్ బీన్ టు షాంఘై" అంటే చాలు. ఇంకా ఏదైనా చేర్చాలనిపిస్తే చివర "బిఫోర్" గానీ "వన్స్" గానీ పెట్టుకోవచ్చు. నేను తరగతిలో గ్వో ఉన్న వాక్యాలు బోర్డు మీద రాసి, త్సెంగ్‌జింగ్‌ను కొట్టేసి, మిగిలినదాన్నే ఇంగ్లీషులోకి మార్చమంటాను. సూత్రం వల్లించినదాని కంటే ఇది త్వరగా పనిచేస్తుంది.

దీనికి తోడు ఒక పుకారు. ప్రశ్నలోని మాటలన్నీ జవాబులో తిరిగి వాడితే మార్కులు పెరుగుతాయట! ఎవరు పుట్టించారో గానీ, "హావ్ యూ ఎవర్" అని అడగగానే "యెస్, ఐ హావ్ ఎవర్" అని పిల్లలు చిలకపలుకులు పలకడానికి సగం కారణం ఇదే. పరీక్ష నిర్వాహకులు అలాంటి నియమం ఏదీ పెట్టలేదు. దయచేసి ఆ పుకారును ఎవరికీ చెప్పకండి.

ఇది మార్కులతో పోయే వ్యవహారమూ కాదు. నా విద్యార్థిని ఒకరు గొంతు నొప్పితో ఒక క్లినిక్‌కు వెళ్ళింది. పెన్సిలిన్ ఎప్పుడైనా వికటించిందా అని నర్సు అడిగితే "ఐ హావ్ ఎవర్ హాడ్ దట్" అంది. నిశ్చయ వాక్యంలో ఎవర్ వస్తుందని ఇంగ్లీషు చెవి ఊహించదు, అందుకని "నెవర్" అని సరిచేసుకుని వింటుంది. నర్సు "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ అమ్మాయి ఫారం మీదికి వంగి చూసింది కాబట్టి సరిపోయింది. ఒంటి నిండా దద్దుర్లు వచ్చిన సంగతిని అప్పుడు చేతులు చూపిస్తూ చెప్పిందట. నెవర్ పుట్టిందే పాత ఇంగ్లీషులో ఎవర్ ముందు "కాదు" అనే అక్షరం చేరి. రెంటికీ మధ్య తేడా ఆ ఒక్క ధ్వనే.

అపోహ: సింగపూర్‌లో అందరూ అంటున్నారు కాబట్టి తప్పు కాదు.

వాస్తవం: అంటారు, నిజమే. ఇక్కడి వాడుక ఇంగ్లీషులో "ఐ ఎవర్ ఈట్ దురియన్" అంటే దురియన్ పండు తిన్నానని అర్థం. చైనీస్ గ్వో, మలయ్ "పెర్నా" రెండూ ఆ వాడుకకు ఊతమిచ్చాయి. అది అజ్ఞానం కాదు, ఆ వాడుకకు దాని నియమాలు దానికున్నాయి. చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో హాయిగా అనండి. పరీక్షలోనూ ఉద్యోగ దరఖాస్తులోనూ మాత్రం అనకండి.

అపోహ: చైనీస్‌లో కాలాలు లేవు, వాళ్ళకు ఇంగ్లీషు కాలాలు ఎక్కవు.

వాస్తవం: ఈ మాట ఉపాధ్యాయుల నోటే వింటే నాకు ఒళ్ళు మండుతుంది. క్రియ రూపం మారదు గానీ లె, జ, గ్వో అనే మూడు ప్రత్యయాలతో పని పూర్తయిందా, సాగుతోందా, అనుభవంలో ఉందా అన్నది చైనీస్ స్పష్టంగానే చెబుతుంది. ఆ తేడా తెలిసినవాళ్ళకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ కొత్త ఆలోచనేమీ కాదు.

అపోహ: ఎవర్ ప్రశ్నల్లోనే వస్తుంది, అదీ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తోనే.

వాస్తవం: రెండూ తప్పే. "ది బెస్ట్ నూడుల్స్ ఐ హావ్ ఎవర్ ఈటెన్" ప్రశ్న కాదు. "డూ యూ ఎవర్ కుక్" పర్ఫెక్ట్ కాదు. "హార్డ్‌లీ ఎవర్" అంటే చాలా అరుదుగా.

అపోహ: ఎవర్‌కు "ఎల్లప్పుడూ" అనే అర్థం లేదు.

వాస్తవం: పాత అర్థమే అది. "ఫరెవర్", "ఎవర్ సిన్స్"లో మిగిలింది. వాటిని విడగొట్టకుండా నేర్చుకుంటే సరి.

అపోహ: ఒక్క ఎవర్ తప్పితే బ్యాండ్ (పరీక్షలో వచ్చే స్కోరు) పోతుంది.

వాస్తవం: ఈ భయంతో నిద్ర మానేసే పిల్లలను చూస్తే జాలేస్తుంది. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమాన విలువ. ఒక్క మాట జారినంత మాత్రాన ఏమీ కాదు. నోరు జారిందని తోస్తే ఎవర్ తీసేసి వాక్యం మళ్ళీ చెప్పండి, క్షమాపణలు చెబుతూ ఆగిపోకండి. పరీక్షకుడు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయి ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.