స్లడ్జ్ గొడవ మళ్లీ లేచింది కాబట్టి 1995 దగ్గర మొదలుపెడదాం

అమెరికాలో పొలాలకు మురుగు స్లడ్జ్, అంటే మురుగునీటిని శుద్ధి చేశాక మిగిలే బురద, వేయొచ్చా వద్దా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు పెట్టింది పీఫాస్ అనే, ఓ పట్టాన విరిగిపోని రసాయనాలు, వాటి భయంతోనే 2022లో మెయిన్ రాష్ట్రం స్లడ్జ్ వాడకాన్ని నిషేధించింది. దాంతో స్లడ్జ్‌లోని కాడ్మియం, సీసం లాంటి విష లోహాల సంగతేంటన్న పాత ప్రశ్న కూడా పైకొచ్చింది. సేంద్రియ పదార్థం వాటిని పట్టేసుకుంటుంది, పంటలోకి రానివ్వదు అన్నది స్లడ్జ్ సమర్థకుల పాత జవాబు.

1993లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ తెచ్చిన 'పార్ట్ 503' స్లడ్జ్ నియమాలు, ఎన్నేళ్లు వేసినా హెక్టారుకు మొత్తంగా 39 కిలోల కాడ్మియం దాకా ఒప్పుకున్నాయి. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త రూఫస్ చేనీ లాంటివాళ్ల వాదన ఏంటంటే, స్లడ్జ్ ఎంత పెంచినా మొక్క పీల్చే లోహం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది, లోహంతోపాటు దాన్ని పట్టుకునే సరుకు కూడా స్లడ్జ్‌లోనే వస్తుంది కాబట్టి.

1995లో కార్నెల్ యూనివర్సిటీ మట్టి రసాయన శాస్త్రవేత్త ముర్రే మెక్‌బ్రైడ్ సరిగ్గా ఆ సరుకు మీదే వేలు పెట్టాడు. అందులో సేంద్రియ భాగాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి, స్లడ్జ్ వేయడం ఆపాక అది ఏటేటా తరిగిపోతుంది, కాడ్మియం మాత్రం కుళ్లదు, ఆవిరవదు, అక్కడే ఉంటుంది. మరి అప్పుడు దాన్ని పట్టుకునేదెవరు? ఈ వాదనకే 'టైమ్ బాంబ్' అని పేరు పడింది. స్లడ్జ్‌లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు కుళ్లవు, అవి పట్టుకుంటాయన్నది అవతలివాళ్ల జవాబు. కొంతవరకు నిజమే.

కానీ లోహాలన్నింటినీ ఒకే గాటన కడితే ఎలా? హ్యూమస్‌లోని, అంటే కుళ్లిన సేంద్రియ పదార్థంలోని, కార్బాక్సిల్, ఫినాల్ అనే రసాయన గుంపులు హైడ్రోజన్‌ను వదిలి ఆ చోట లోహాన్ని కూర్చోబెట్టుకుంటాయి. రాగి, సీసం గట్టిగా అతుక్కుంటాయి, పాదరసం గంధకాన్ని పట్టుకుని అసలు వదలదు, కాడ్మియం, జింక్ పట్టు మాత్రం వదులు. నేల పులిస్తే, అంటే పీహెచ్ పడిపోతే, హైడ్రోజన్ తిరిగొచ్చి ముందు వీటినే నెట్టేస్తుంది. పంట నుంచి మన కంచంలోకి తేలిగ్గా వచ్చేది ఆ కాడ్మియమే మరి.

పట్టులో ఎంత బలముందో చూడాలంటే పీట్ నేలలు చూడాలి, అంటే నీళ్లలో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పొరలు. కొత్తగా నీళ్లు తీసి సాగుచేసిన పీట్‌లో పంటలకు రాగి అందక జబ్బు పడేవి, అంత గట్టిగా బిగించేస్తుంది. ఇంగ్లండ్ పెనైన్ కొండల పీట్ కూడా పారిశ్రామిక విప్లవం నాటి సీసాన్ని అలాగే దాచుకుంది. ఇప్పుడు ఆ పీట్ కోతకు గురై వాగుల్లోకి కొట్టుకుపోతుంటే సీసం కూడా దాంతోనే పోతోంది. పట్టు వదల్లేదు, పట్టుకున్నదే కదిలిపోయింది.

ఐరోపా 1986 ఆదేశం స్లడ్జ్ వేసే మట్టిలో కిలోకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల కాడ్మియం దగ్గర గీత గీసింది. అమెరికా లెక్కలోని 39 కిలోలు 15-20 సెంటీమీటర్ల పైమట్టిలో కలిస్తే కిలోకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు అవుతుంది. ఆ 39 ఇప్పటికీ నియమాల్లో అలాగే ఉంది.