అల్జీమర్స్ ఎంత ముదిరిందో చెప్పే రక్తపు చుక్క

అల్జీమర్స్ అని తేలగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "ఇప్పటికి ఎంత ముదిరింది? ఇక ముందు ఎంత వేగంగా పెరుగుతుంది?" జబ్బు ఉందో లేదో చెప్పడం కన్నా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం. 1906లో అలోయిస్ అల్జీమర్ ఈ జబ్బు ఆనవాళ్లను వివరించింది చనిపోయిన రోగి మెదడును మైక్రోస్కోపులో చూశాకే. ఇప్పుడు వాటి జాడను బతికున్న మనిషి రక్తంలో, వెన్ను ద్రవంలో వెతుకుతున్నారు. ఆ జాడలనే బయోమార్కర్లు అంటున్నాం.

అందరూ ముందుగా చెప్పే పేరు అమిలాయిడ్. ఈ ప్రొటీన్ నాడీకణాల బయట గడ్డకట్టడం మతిమరుపుకు 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. మతిమరుపు బయటపడే నాటికి పేరుకోవాల్సింది చాలావరకు పేరుకునే ఉంటుంది. అందుకే జబ్బును ముందుగా పసిగట్టడానికి అమిలాయిడ్ బాగా పనికొస్తుంది గానీ, ముదిరిన కొలత అడిగితే పెద్దగా ఏమీ చెప్పలేదు.

ఆ కొలతకు టౌ మేలు. నాడీకణం లోపల సరుకు రవాణాకు దారులుగా పనిచేసే సన్నటి గొట్టాలను నిలబెట్టేది ఈ ప్రొటీనే. దానికి ఫాస్ఫేట్లు అతిగా అంటుకుంటే గొట్టాల నుంచి ఊడిపోయి చిక్కులు పడుతుంది. ఈ చిక్కులు సాధారణంగా జ్ఞాపకశక్తికి సంబంధించిన ప్రాంతాల్లో మొదలై మెదడు పైపొరకు పాకుతాయని 1991లో బ్రాక్ దంపతులు దశలవారీగా చూపించారు. రోగి స్థితి కూడా అమిలాయిడ్ కన్నా టౌ వ్యాప్తినే ఎక్కువగా అనుసరిస్తుంది. కాకపోతే ఒక మెలిక ఉంది. ఫాస్ఫేట్లు అంటుకున్న టౌలో రక్తంలో కొలిచే పీ-టౌ217 అనే రకం, చిక్కులు బాగా వ్యాపించకముందే, అమిలాయిడ్ పేరుకుంటున్నప్పుడే పెరగడం మొదలుపెడుతుంది. చిక్కులు ఎంతవరకు పాకాయో నేరుగా చూడాలంటే మెదడులో టౌను బొమ్మ తీసి చూపే టౌ పెట్ స్కాన్ ఉండాల్సిందే.

నాడీకణాల పొడవాటి తీగలు దెబ్బతింటే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. నష్టం ఎంత జోరుగా జరుగుతోందో ఇది చెబుతుంది. అయితే తలకు గాయమైనా, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నా ఇది పెరుగుతుంది కాబట్టి దీన్ని ఒంటరిగా నమ్మలేం. నాడీకణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లు చాలా ముందే కలత చెంది జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. మెదడులో రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా స్పందనను వెన్ను ద్రవంలోని ట్రెమ్2 అనే ప్రొటీన్ ముక్కల్లో చూడొచ్చు.

2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అల్జీమర్స్ నిర్ధారణలో తోడ్పడే తొలి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. పీ-టౌ217కు, అమిలాయిడ్‌లో ఒక రకమైన అమిలాయిడ్ 42కు మధ్య నిష్పత్తిని చూసే ఆ పరీక్ష 55 ఏళ్లు, ఆ పైబడిన, లక్షణాలున్న వాళ్ల కోసం. సంతోషించాల్సిన విషయమే. అయినా ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకూడదు. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా పీ-టౌ పెరగొచ్చు. జబ్బు నడకను అంచనా వేయాలంటే అదే మనిషికి కొంత వ్యవధితో మళ్లీ పరీక్షలు చేసి, జ్ఞాపకశక్తి పరీక్షలతో కలిపి చూడాలి.

ఒక్కో బయోమార్కర్ చెప్పేది వేరన్న సంగతి మందుల విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. లెకానెమాబ్ అనే మందు అమిలాయిడ్‌ను తొలగించింది, రక్తంలో పీ-టౌనూ జీఎఫ్ఏపీనీ తగ్గించింది. న్యూరోఫిలమెంట్ లైట్‌లో మాత్రం అంత స్పష్టమైన మార్పు రాలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే 18 నెలల్లో రోగుల క్షీణత 27 శాతం నెమ్మదించింది, ఆగిపోలేదు.