డిశ్చార్జికీ ఇంటికీ మధ్య మెట్లు ఏమయ్యాయి?

మా పిన్ని కొడుక్కి అప్పుడు 22 ఏళ్ళు. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో మానసిక జబ్బు బయటపడింది, నాలుగు నెలలు ఊరి శివార్లలో ఒక రిహాబ్‌లో ఉన్నాడు. డిశ్చార్జి రోజున మా చేతికొచ్చింది ఒక కాగితం, కవరు నిండా మాత్రలు, "పదిహేను రోజులాగి తీసుకురండి" అన్న మాట. పొద్దున ఆరింటికి లేపి, మాత్ర చేతిలో పెట్టి మింగేదాకా చూసి, భోజనానికి వేళ తప్పకుండా పిలిచి, ఫోన్ రోజుకి అరగంట మాత్రమే ఇచ్చిన చోటి నుంచి, ఒక్క మధ్యాహ్నంలో, ఏ వేళకి ఏం చేయాలో ఎవరూ చెప్పని తన గదిలోకి వచ్చి పడ్డాడు. బయట హాల్లో పిన్ని రాత్రంతా ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఆరో వారంలో మళ్ళీ అడ్మిట్ చేయాల్సి వచ్చింది.

తప్పెవరిదని ఇంట్లో చాలా గొడవపడ్డాం. వాడు మందులు సరిగ్గా వేసుకోలేదని కొందరు, పిన్ని గారం ఎక్కువైందని కొందరు. తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, మా ఇంట్లో జరిగినదాని వెనక నూటయాభై ఏళ్ళ కథ ఉందని. ఆసుపత్రి నుంచి ఇంటికి దిగడానికి మధ్యలో కొన్ని మెట్లుండాలి, మన దేశంలో వాటిని కట్టినవాళ్ళు చాలా తక్కువ.

మొదట్లో అసలు బయటికొచ్చే ఆలోచనే లేదు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం పిచ్చాసుపత్రుల చట్టం తెచ్చింది, విశాఖలో వాల్తేరు ఆసుపత్రి 1871లో మొదలైంది, 1912లో ఇంకో చట్టం వచ్చింది. రోగిని లోపల పెట్టాలంటే చాలాసార్లు మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలి, అంటే జబ్బు మనిషిని దాదాపు నేరస్తుడిలాగే చూశారన్నమాట. ఎత్తైన గోడలు, ఊరికి దూరం. ఆ భయం మన భాషలో ఇప్పటికీ ఉంది. హైదరాబాదులో "నిన్ను ఎర్రగడ్డకి పంపాలి" అంటే తిట్టు, వైజాగ్‌లో చినవాల్తేరు పేరూ అలాగే వాడతారు. అక్కడికి వెళ్ళి కుదుటపడి వచ్చిన పిల్లాడు ఈ మాటల మధ్యలోకే రావాలి. నేనైతే ఈ తిట్టు మా ఇంట్లో పూర్తిగా మాన్పించాను.

1946లో దేశ ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ లెక్క చూసేసరికి సుమారు 40 కోట్ల జనాభాకి మానసిక ఆసుపత్రుల్లో ఉన్న పడకలు పదివేలకి కాస్త అటూఇటూ. కావాల్సినన్ని పడకలు కట్టే డబ్బు లేదు, చూసుకునే మనుషులూ లేరు. ఆ కొరతలోంచే ఒక గొప్ప పని పుట్టింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగుల కుటుంబాల్ని పిలిచి వాళ్ళతోపాటు ఉంచారు. తల్లీ తండ్రీ అన్నా అక్కడే వండి పెట్టారు, జబ్బంటే ఏమిటో డాక్టరు చెబుతుంటే విన్నారు, వెనక్కి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎలా మసలుకోవాలో కొంతైనా తెలుసుకుని వెళ్ళారు. 1957లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబాన్ని తోడుంచే పద్ధతిలోనే నడిచింది. అప్పట్లో ప్రపంచంలో చాలాచోట్ల చుట్టాల్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారు, అందుకే ఈ పద్ధతిని చూస్తే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

కానీ ఆ తర్వాతే దారి తప్పిందని నా అభిప్రాయం. అమృత్‌సర్‌లో కుటుంబానికి నేర్పించారు. కాలం గడిచేకొద్దీ నేర్పించడం చాలాచోట్ల పోయింది, అప్పగించడం మిగిలింది. "మన దగ్గర కుటుంబాలు గట్టివి, వాళ్ళే చూసుకుంటారు" అన్న మాట విధానంలా మారిపోయింది. ఇల్లుంది కదా, ఇంకా మధ్యలో వేరే చోటెందుకు అన్నట్టు.

అదే కాలంలో లండన్‌లో వేరే సంగతి బయటపడింది. జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు, మానసిక ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన మగవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో, ఎంతమంది మళ్ళీ చేరారో చూశారు. అమ్మానాన్నల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళ కంటే అద్దె గదుల్లో, తోబుట్టువుల ఇళ్ళలో ఉన్నవాళ్ళు మెరుగ్గా నిలబడ్డారని 1958లో రాశారు. కొడుకూ తల్లీ ఇద్దరూ పనికి వెళ్ళకుండా రోజంతా ఒకే ఇంట్లో ఉంటే ఇంకా కష్టం. ఇది చదివినప్పుడు నాకు మా పిన్ని హాల్లో కూర్చున్న రాత్రులే కళ్ళముందు తిరిగాయి. తర్వాతి అధ్యయనాల్లో కారణాలు ఇంకా స్పష్టమయ్యాయి: దెప్పిపొడుపు, విసుగు, ఊపిరాడనివ్వని అతిజాగ్రత్త. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ఇలాంటి ఇళ్ళలో వారానికి 35 గంటలకి మించి ఎదురెదురుగా గడిపితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువని చూపించారు. దీన్ని కుటుంబాన్ని తప్పుపట్టడంగా చాలామంది తీసుకున్నారు, అది అన్యాయం. ఇంట్లోవాళ్ళకి జబ్బు గురించి చెప్పి, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే వీలు కల్పించి, ఆ గంటలు తగ్గిస్తే తిరగబెట్టడం తగ్గిందని కూడా లెఫ్ బృందమే 1980లలో చూపించింది. చండీగఢ్‌లో అలాంటి అధ్యయనమే చేస్తే అక్కడి కుటుంబాల్లో ఈ దెప్పిపొడుపులూ అతిజాగ్రత్తా లండన్ కంటే చాలా తక్కువగా కనిపించాయి, 1987లో ఆ వివరాలు వచ్చాయి. ఉమ్మడి కుటుంబంలో పదిమందీ పంచుకునే బరువు ఇప్పుడు రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఒక్క తల్లి మీద పడుతోంది కాబట్టి, ఆ ఫలితం చూసి మనం నిశ్చింతగా ఉండటానికి లేదనే నాకనిపిస్తుంది.

పగలు ఆసుపత్రి, రాత్రి ఇల్లు అనే పద్ధతి లండన్‌లోనూ మాంట్రియల్‌లోనూ 1940లలోనే మొదలైంది. 1959లో ఎలీ యాన్సెన్ లండన్‌లో రిచ్‌మండ్ ఫెలోషిప్ పెట్టారు, అంటే కొంతమంది కలిసి ఒక ఇంట్లో ఉంటూ, వంటా పనీ పంచుకుంటూ మెల్లగా బయటి బతుక్కి అలవాటుపడటం. మన దగ్గర హాఫ్‌వే హోమ్ అంటున్నది ఇదే. ఆ ఫెలోషిప్ 1986లో బెంగళూరుకి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1984లో, చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థను మొదలుపెట్టారు. దేశంలో మొదటి మహిళా సైకియాట్రిస్టుగా పేరున్న ఆమె కీల్పాక్ మానసిక ఆసుపత్రిని ఏళ్ళ తరబడి నడిపారు, మందులతో కుదుటపడ్డవాళ్ళకి ఆ తర్వాత ఏమీ లేదన్నది దగ్గరుండి చూశారు. కానీ ఇలాంటివన్నీ స్వచ్ఛంద సంస్థల పుణ్యమే, అదీ ఎక్కువగా పెద్ద నగరాల్లోనే.

మెట్టు లేనిచోట ఏం జరుగుతుందో 2001 ఆగస్టు 6న తెలిసింది. తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర, ఒక ప్రైవేటు హోమ్‌లో మంటలు లేచాయి, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేకపోయారు, 28 మంది చనిపోయారు. ఇళ్ళలో చూసుకోలేక, వేరే చోటు లేక, కుటుంబాలు అక్కడ వదిలిన మనుషులు వాళ్ళు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది.

చట్టం మారడానికి ఇంకా పదహారేళ్ళు పట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. హాఫ్‌వే హోములు, తోడుతో ఉండే ఇళ్ళు ప్రభుత్వం ఏర్పాటు చేయాల్సిన సేవలని 18వ సెక్షన్ చెబుతోంది. కుటుంబం లేదనో, రానివ్వలేదనో, బయట సౌకర్యం లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 19వ సెక్షన్. అయినా 2019లో వచ్చిన ఒక జాతీయ నివేదిక ప్రకారం 43 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళలో 36 శాతానికి పైగా ఏడాది దాటి అక్కడే ఉన్నారు. బయట చోటు చూపించమంటే కుదుటపడ్డవాళ్ళని బిచ్చగాళ్ళ హోములకీ వృద్ధాశ్రమాలకీ పంపుతున్నారని తెలిసి, ఆ పని ఆపమని సుప్రీంకోర్టు అదే ఏడాది మహారాష్ట్రకి చెప్పాల్సి వచ్చింది.

ఇరవై ఏళ్ళ పిల్లల విషయంలో నేను అందరికీ చెప్పేది ఈ చట్టంలోని 98వ సెక్షన్. డిశ్చార్జి చేసే ముందు సైకియాట్రిస్టు ఆ మనిషితోనూ, తన తరఫున మాట్లాడటానికి నామినేట్ చేసుకున్న ప్రతినిధితోనూ, ఎవరింట్లో ఉండబోతున్నాడో వాళ్ళతోనూ, ఇకపై చూడబోయే డాక్టరుతోనూ మాట్లాడి, చికిత్స ఎలా కొనసాగాలో ప్లాన్ తయారయ్యేలా చూడాలి. "పదిహేను రోజులాగి రండి" అన్న ఒక్క ముక్క ప్లాన్ కాదు. ఆ ప్రతినిధి ఎవరన్నది 18 దాటాక ఆ పిల్లాడి ఇష్టం, మనకి బాధనిపించినా సరే. ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక మొదటి వారాలు, మొదటి మూడు నెలలు ప్రాణానికి కూడా ఎక్కువ ప్రమాదమున్న కాలమని ఎన్నో దేశాల్లో చూశారు, కాబట్టి మొదటి ఫోన్ రెండుమూడు రోజుల్లోనే రావాలని గట్టిగా అడగాలి. అర్ధరాత్రి భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

మా తమ్ముడి రెండో డిశ్చార్జికి ముందు ఇదంతా అడిగాం. మొదట రెండు శనాదివారాలు ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళాడు. తర్వాత రెండు నెలలు పగలు ఒక డే సెంటర్, సాయంత్రం ఇల్లు. ఆ ఖర్చు బీమాలో రాలేదు, మా బాబాయ్ చిట్టీ ఎత్తి కట్టాడు, ఆ స్తోమత లేని ఇళ్ళు ఎన్ని ఉంటాయో తలుచుకుంటే కోపం వస్తుంది. పిన్ని మానేసిన కుట్టుపనికి మళ్ళీ వెళ్ళింది, డాక్టరే పట్టుబట్టి పంపించారు. మాత్రలు మొదటి నెల బాబాయ్ ఇచ్చాడు, రెండో నెల వాడే వేసుకుంటే బాబాయ్ చూశాడు, మూడో నెల నుంచి వారం రోజుల డబ్బాలో వాడే సర్దుకుంటున్నాడు. నిద్ర తగ్గితే ఎవరికి చెప్పాలి, కాలేజీలో ఎవరికి ఎంతవరకు చెప్పాలి, ఏ గుర్తులు కనిపిస్తే మేం డాక్టరుకి ఫోన్ చేయొచ్చు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. అందులో చివరి లైను వాడి చేతిరాత: "గదిలోకి వచ్చేముందు తలుపు కొట్టాలి."